‘వానిషింగ్లీ’ : లేదనరాని, ఉందనలేని మాట

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, వీర్నపల్లి



పదవ తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు సైన్సు పుస్తకం తెరిచిన మనలాంటి వాళ్లను పెద్ద పెద్ద పారిభాషిక పదాలు అంతగా ఇబ్బంది పెట్టవు. ‘ఎలక్ట్రోలైట్’ అంటే ఏమిటో పుస్తకమే చెప్తుంది, లెక్చరర్ గారు బోర్డు మీద రాసి చూపిస్తారు. ఇబ్బంది పెట్టేవి చిన్న మాటలు. హార్డ్‌లీ, బేర్‌లీ, సెల్డమ్, నెగ్లిజిబ్లీ, వానిషింగ్లీ. వీటికి ఏ పాఠం చివరా నిర్వచనం ఉండదు. అందరికీ తెలుసన్నట్టు అందరూ దాటిపోతారు. కాని వాక్యం యొక్క అర్థమంతా ఒక్కోసారి ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ వ్యాసంలో అటువంటి మాటల్లో ఒకటైన ‘వానిషింగ్లీ’ని తీసుకుని, అది ఎక్కడిది, ఎట్లా వాడాలి, దాని చుట్టపు మాటలకూ దానికీ భేదమేమిటి, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోతే వచ్చే నష్టమేమిటి అనే సంగతులను నాకు తెలిసినంత మేరకు చెప్పదలచుకున్నాను.

మాట పుట్టుక

‘వానిష్’ అంటే మాయమగు, కనబడకపోవు. లాటిన్ భాషలో ‘వానుస్’ అంటే ఖాళీ. అందులోంచి వచ్చిన మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. అయితే గణితశాస్త్రంలో ఈ క్రియకు మరొక ఖచ్చితమైన అర్థం ఉన్నది. ఒక ఫంక్షను ఫలానా బిందువు దగ్గర ‘వానిష్’ అవుతుంది అంటే, అక్కడ దాని విలువ సున్న అవుతుందని అర్థం. ఇక ‘వానిషింగ్’ అంటే సున్న వైపు పోతూ ఉన్నది. పోయింది కాదు, పోతూ ఉన్నది. ఈ రెంటి భేదమే మన పాఠానికి కీలకం.

కలనగణితం చదివిన వారికి ఇది కొత్త కాదు. న్యూటన్ 1687లో అచ్చయిన ‘ప్రిన్సిపియా’లో ఇట్లాగే మాయమైపోతున్న రాశుల నిష్పత్తులతోనే లెక్కలు చేసినాడు. 1734లో బర్క్‌లీ అనే క్రైస్తవ మతాచార్యుడు దీన్ని గట్టిగా ఆక్షేపించినాడు. ఆయన వాదం స్థూలంగా ఇది: ఆ రాశి సున్న కాకపోతే దాన్ని చివర్లో వదిలేయడానికి వీల్లేదు, సున్న అయితే దానితో మొదట్లో భాగించడానికి వీల్లేదు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. సరైన సమాధానం రావడానికి చాలా కాలం పట్టింది. 1821లో కౌషీ తన పాఠ్యగ్రంథంలో ‘లిమిట్’ అనే భావన మీద కలనగణితాన్ని నిలబెట్టిన తరువాతనే దారి తేటపడింది. రాశి సున్న కానక్కరలేదు, సున్నకు మనం కోరినంత దగ్గరగా పోతే చాలు.

దీన్ని కంటితో చూడాలంటే కోరుట్ల దగ్గర లెవెల్ క్రాసింగు వద్ద నిలబడి రైలు పట్టాల వెంబడి దూరంగా చూడండి. రెండు పట్టాలూ దగ్గరవుతూ పోయి ఒక చోట కలిసినట్టు కనిపిస్తాయి. చిత్రకారులు ఆ చోటును ‘వానిషింగ్ పాయింట్’ అంటారు. నిజానికి బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం అక్కడ కూడ 1676 మిల్లీమీటర్లే, ఒక్క నూలుపోగంత కూడ తగ్గదు. మామూలు మనిషి కన్ను సుమారు ఒక నిమిషం కోణం, అనగా డిగ్రీలో 60వ వంతు, కన్న చిన్న ఎడాన్ని విడదీసి చూడలేదు. లెక్క వేస్తే సుమారు 5,760 మీటర్ల దూరాన ఆ పట్టాల మధ్య ఎడం అంత కోణమే చేస్తుంది. కనుక నేల చదునుగా, గాలి తేటగా ఉన్నా, ఆ పైన మనకు రెండు పట్టాలు ఒక్కటే. మాయమైంది మన చూపుకు. పట్టాల నడుమ ఎడం మాయం కాలేదు. ‘వానిషింగ్లీ స్మాల్’ అన్న మాట విన్నప్పుడల్లా ఈ పట్టాలు గుర్తుంటే చాలు.

మన భాషలో చిన్నతనపు మాటలు

తెలుగులో చిన్నతనాన్ని చెప్పే మాటలకు కరువు లేదు. ఇసుమంత, రవ్వంత, నలుసంత, గోరంత, ఆవగింజంత, నువ్వుగింజంత, పిసరంత, చిటికెడు, లవలేశం, అణుమాత్రం. మా దిక్కు జర, జరంత, గింత, గింతంత. ‘వీసమెత్తు’ అంటాం. వీసం అంటే పాత లెక్కల్లో పదహారో వంతు. ‘కాణీకి కొరగాడు’ అంటాం. కాణీ అంటే అరవై నాలుగో వంతు. ‘త్రుటిలో తప్పింది’ అంటాం. భాస్కరాచార్యుని కాలమానం ప్రకారం త్రుటి అంటే ఒక సెకనులో 33,750వ వంతు. మన పెద్దలు చిన్నవాటిని ఊరికే చిన్నవి అని ఊరుకోలేదు, కొలత పెట్టినారు.

అయితే ఈ మాటలను ఎట్లా వాడుతామో జాగ్రత్తగా చూడండి.

‘నా దగ్గర చిల్లిగవ్వ లేదు.’
‘వానికి రవ్వంత కనికరం లేదు.’
‘ఆ మాటలో ఇసుమంతైనా నిజం లేదు.’
‘దానికి వీసమెత్తు విలువ లేదు.’

అన్నిటి చివరా ‘లేదు’ ఉన్నది. చిన్న మాటను ముందు పెట్టి, దాన్ని కూడ లేదని చెప్పి, మొత్తం సున్న అని తేల్చడం మన భాష పద్ధతి. ‘చిల్లిగవ్వ లేదు’ అంటే తక్కువ డబ్బు ఉన్నదని కాదు, అసలు లేదని. ఇది అందమైన పద్ధతే. ఐతే ఈ అలవాటుతో ఇంగ్లీషు వాక్యాన్ని చదివితే చిక్కు వస్తుంది.

‘ద ఛాన్స్ ఈజ్ వానిషింగ్లీ స్మాల్’ అనే వాక్యాన్ని మనలో చాలా మంది ‘ఇసుమంత అవకాశం కూడ లేదు’ అని తెలుగు చేస్తారు. అది తప్పు. ఇంగ్లీషు వాక్యంలో ‘నాట్’ లేదు, ‘నో’ లేదు. అది అవకాశం ఉన్నదనే చెప్తున్నది. ఎంత ఉన్నది? లేదనదగినంత తక్కువ. కనుక సరైన తెలుగు ‘అవకాశం ఉండీ లేనట్టున్నది’ అనో, ‘లేదనదగినంత స్వల్పం’ అనో ఉండాలి. ‘లేదు’ వేరు, ‘లేదనదగినంత’ వేరు. సామాన్య సంభాషణలో ఈ భేదం పట్టించుకోకపోయినా నడుస్తుంది. శాస్త్రంలో నడవదు.

అరుదు సంగతి చెప్పే మన నుడికారాలను కూడ లెక్కతో తూచి చూస్తే సరదాగా ఉంటుంది. ‘అమావాస్యకో పున్నానికో వస్తాడు’ అంటే ఎప్పుడో తప్ప రాడని మన భావం. లెక్కకు చూస్తే ఏడాదికి ఇరవై నాలుగైదు సార్లు వచ్చినట్టు! ‘పుష్కరానికోసారి’ అంటే పన్నెండేండ్లకోసారి. ఇది నిజంగా అరుదే. ‘నూటికో కోటికో ఒక్కరు’ అంటాం. కాని నూటికొక్కరికీ కోటికొక్కరికీ మధ్య భేదం లక్ష రెట్లు. మన కళాశాలలో నూటికొక్కరు చొప్పున ఉంటే ప్రతి రెండు మూడు తరగతి గదులకూ ఒకరు దొరుకుతారు. కోటికొక్కరు చొప్పున అయితే రాష్ట్రమంతా వెతికినా చేతివేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. మొదటివారిని ఇంగ్లీషులో ‘రేర్’ అంటే చాలు. రెండోవారికి ‘వానిషింగ్లీ రేర్’ తగును.

వాడుకలో గుర్తుంచుకోవలసినవి

ఒకటి. ‘వానిషింగ్లీ’ సాధారణంగా విశేషణానికి ముందే వస్తుంది. స్మాల్, రేర్, ఫ్యూ, థిన్, లో, అన్‌లైక్లీ. ఇవీ దాని జతగాళ్లు. ‘వానిషింగ్లీ స్మాల్ అమౌంట్’, ‘వానిషింగ్లీ రేర్ డిసీజ్’, ‘వానిషింగ్లీ ఫ్యూ సర్వైవర్స్’ అనవచ్చు.

రెండు. క్రియకు ముందు దీన్ని పెట్టరాదు. ‘ఇట్ వానిషింగ్లీ రెయిన్స్ ఇన్ మార్చ్’ అనరు. అక్కడ ‘ఇట్ రేర్‌లీ రెయిన్స్ ఇన్ మార్చ్’ అనాలి. ‘రేర్‌లీ’, ‘సెల్డమ్’ అనేవి క్రియల పక్కన నిలిచే మాటలు.

మూడు. పెద్దతనాన్ని చెప్పే మాటతో ఇది పొసగదు. ‘వానిషింగ్లీ లార్జ్’ అనేది ఎండమావిలో ఈత కొట్టడం వంటిది.

నాలుగు. దీని ముందు ‘వెరీ’, ‘మోర్’ చేర్చకండి. సున్న అంచు దాకా పోయిన మాటను ఇంకెక్కడికి తోస్తారు?

ఐదు. నిజంగా సున్న అయినదానికి దీన్ని వాడరాదు. ఇది అన్నిటికన్న ముఖ్యం. జేబులో పైసా లేనివాడు ‘నా డబ్బు వానిషింగ్లీ స్మాల్’ అంటే అది ఎగతాళి అవుతుంది, సత్యం కాదు.

చుట్టపు మాటలు

ఇప్పుడు దీని దాయాదులను చూద్దాం. పరీక్షలో, వైవాలో మనను తికమక పెట్టేవి ఇవే.

హార్డ్‌లీ, స్కేర్స్‌లీ : ఇవి పైకి కనబడకపోయినా లోపల ‘కాదు’ను దాచుకున్న మాటలు. ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్’ అంటే వాన పెద్దగా పడలేదు. తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే, ‘పడలేదు’లోనే, ఉంటుంది. ఆ అలవాటు కొద్దీ మనం ‘ఇట్ డిడ్ నాట్ హార్డ్‌లీ రెయిన్’ అని రాస్తుంటాం. అక్కడ ‘నాట్’ అనవసరం, తప్పు. మరొక సంగతి. ‘హార్డ్’కు ‘లీ’ చేర్చితే ‘కష్టపడి’ అని అర్థం రాదు. ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పని చేస్తాడు, ‘హి హార్డ్‌లీ వర్క్స్’ అంటే పెద్దగా పని చేయడు. సర్టిఫికెట్టులో ఈ రెండూ తారుమారైతే ఉద్యోగం సంగతి ఇక చెప్పనక్కరలేదు.

బేర్‌లీ : బొటాబొటిగా. ‘హి బేర్‌లీ పాస్డ్’ అంటే తప్పినాడని కాదు, 35 మార్కులతో గట్టెక్కినాడని. ‘హార్డ్‌లీ’ చూపు లేనితనం వైపు ఉంటే, ‘బేర్‌లీ’ చూపు అయినదాని వైపు ఉంటుంది.

మార్జినల్లీ : ఇది పోల్చి చెప్పే మాట. ‘మార్జినల్లీ హయ్యర్’ అంటే ఇంకొకదాని కన్న కొద్దిగా ఎక్కువ. పోల్చడానికి రెండు లేనిచోట దీనికి పని తక్కువ.

మైన్యూట్‌లీ : ‘మినిట్’ అని పలికితే గడియారంలోని నిమిషం, ‘మైన్యూట్’ అని పలికితే సూక్ష్మం. ‘ఎగ్జామిన్డ్ మైన్యూట్‌లీ’ అంటే కొద్దిగా పరిశీలించారని కాదు, కూలంకషంగా పరిశీలించారని. చిన్న మాటే పెద్ద పనిని చెప్తున్నది.

నెగ్లిజిబ్లీ : లెక్కలోంచి వదిలేయదగినంత. ఇది కొలత మాత్రమే కాదు, తీర్పు కూడ. ఎవరో ఒకరు ‘దీన్ని వదిలేయవచ్చును’ అని నిర్ణయించారన్న మాట. ఆ నిర్ణయం ఎందుకు చేశారని అడిగే హక్కు మనకు ఎప్పుడూ ఉంటుంది.

ఈ చివరి మాటకూ ‘వానిషింగ్లీ’కీ భేదం బాగా పట్టుకోవాలి. ఒకటి ఎంత చిన్నదో చెప్తుంది. రెండోది దాన్ని పట్టించుకోనక్కరలేదని చెప్తుంది. చిన్నదైనంత మాత్రాన పట్టించుకోనక్కరలేనిది అయిపోదు. దీనికి కొన్ని ఉదాహరణలు చూద్దాం.

మంచినీళ్ల చుక్కలో

స్వచ్ఛమైన నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఉంటాయా? 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో అవి ఉండేది ఒక మోల్‌లో కోటో వంతు మాత్రమే. లీటరు నీటిలో నీటి అణువులు సుమారు 55.5 మోల్‌లు. అంటే దాదాపు 55 కోట్ల అణువుల్లో ఒక్కటి మాత్రమే విడిపోయి ఉంటుంది. ‘వానిషింగ్లీ స్మాల్ ఫ్రాక్షన్’ అనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఏముంటుంది?

కాని అవొగాడ్రో సంఖ్యతో గుణించి చూడండి. ఒక చుక్క నీరు, అనగా సుమారు 0.05 మిల్లీలీటర్లు, తీసుకున్నా అందులో మూడు లక్షల కోట్ల హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. నిష్పత్తిగా చూస్తే మాయమైనంత చిన్నది, సంఖ్యగా చూస్తే ఊహకందనంత పెద్దది. పి.హెచ్. అనే భావన అంతా, ఆమ్లాలు క్షారాల లెక్క అంతా, ఆ ‘ఉండీ లేనట్టున్న’ అయాన్ల మీదే నడుస్తున్నది. ‘సున్న’ అని జవాబు చెప్తే ఒక అధ్యాయమే ఎగిరిపోతుంది.

మరొకటి. 1909లో మాంచెస్టరులో గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పలుచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను పంపి చూశారు. దాదాపు అన్నీ సూటిగానో, కొద్దిగా వంగో పోయినాయి. సుమారు ఎనిమిది వేలకొకటి మాత్రం వెనక్కు తిరిగి వచ్చింది. ఎనిమిది వేలకొకటే గదా, ‘నెగ్లిజిబుల్’ అని వదిలేస్తే ఎవరూ తప్పు పట్టకపోదురేమో. రూథర్‌ఫర్డ్ వదలలేదు. 1911లో పరమాణువు నడుమ కేంద్రకం ఉన్నదని దాని ఆధారంగానే చెప్పినాడు.

చెలకలో

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. మా వీర్నపల్లి 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది రాజన్న సిరిసిల్ల జిల్లాలో కలిసిన అడవి అంచు పల్లె. ఇక్కడ చదువుకున్న పిల్లలకు ఇంటి దగ్గర ఒక ఉద్యోగం తప్పక ఉంటుంది. ఏ కాగితం వచ్చినా చదివి చెప్పటం. మందు డబ్బా మీది చీటీ, బ్యాంకు కాగితం, మట్టి పరీక్ష కార్డు.

ఒకసారి మా మట్టి పరీక్ష కార్డులో జింకు గడిలో 0.4 పి.పి.ఎం. అని ఉన్నది. మా బాపు అడిగిండు:

“సున్నా పాయింట్ నాలుగంటే ఉన్నట్టా, లేనట్టా కొడుకా?”

“ఉన్నది బాపు. కని చాలది.”

“గింతంత దానికి గంపెడు మందెందుకురా మరి?”

ఆ ప్రశ్న ఇంగ్లీషు వ్యాకరణంలో ‘వానిషింగ్లీ’, ‘నెగ్లిజిబ్లీ’ల ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. పి.పి.ఎం. అంటే పది లక్షల్లో ఒక వంతు. ఎకరం పొలంలో నాగలి తిరిగే పై పొర, సుమారు 15 సెంటీమీటర్ల లోతు మట్టి, బరువు దాదాపు తొమ్మిది లక్షల కిలోలు. 0.4 పి.పి.ఎం. అంటే ఆ తొమ్మిది లక్షల కిలోల మట్టిలో మొక్కకు అందే జింకు సుమారు 360 గ్రాములు. వరికి ఉండవలసిన కనీసపు హద్దు సాధారణంగా 0.6 పి.పి.ఎం. అని తీసుకుంటారు, అంటే సుమారు 540 గ్రాములు. తేడా 180 గ్రాములు. ఎకరమంతటికీ ఒక గ్లాసు చాయ బరువంత!

కాని ఆ తేడాకే నాటేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, మడి గిడసబారుతుంది. దీన్ని ఉత్తర భారతంలో ‘ఖైరా’ తెగులు అంటారు. ఇది పురుగు వల్లనో శిలీంధ్రం వల్లనో వచ్చింది కాదు, జింకు లోపం వల్ల వచ్చిందని 1966లో పంత్‌నగర్‌లో నెనె అనే శాస్త్రవేత్త తేల్చినాడు. అంతకుముందు ఏ పురుగుమందు కొట్టినా తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బాపు అడిగిన రెండో ప్రశ్నకు కూడ జవాబు ఉన్నది. ఎకరానికి వేయమనే 20 కిలోల జింక్ సల్ఫేటులో జింకు 21 శాతమే, అంటే నాలుగు కిలోల పైచిలుకు. అందులోనూ చాలా భాగాన్ని మట్టే పట్టి ఉంచుకుంటుంది, వేరుకు అందేది కొద్దిగనే. అందుకే గింతంత లోటుకు అంత మందు. పైరు మీద లోపం కనబడ్డ తరువాత అయితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి ఆకుల మీద పిచికారి చేస్తారు. అక్కడ మట్టితో పేచీ లేదు గనుక తక్కువతో పని జరుగుతుంది.

ఇదే పది లక్షల్లో ఒక వంతు తాగే నీటిలో మరొక రూపంలో కనిపిస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాకా భారతీయ ప్రమాణం ప్రకారం ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. ఆ పైన ఏండ్ల తరబడి తాగితే పండ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నెల్లూరు ప్రాంతంలో గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా దీనివల్ల పడ్డ బాధ అందరికీ తెలిసిందే. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. లీటరు నీటిలో అర మిల్లీగ్రాము తేడాను ‘వానిషింగ్లీ స్మాల్’ అని ఎవరైనా అంటే, దాన్ని తాగిన ఊరివాళ్లు ఒప్పుకోరు.

కాబట్టి ‘ఎంత చిన్నది?’ అని అడిగిన వెంటనే ‘దేనితో పోల్చి?’ అని కూడ అడగాలి. సిరిసిల్ల నేతకారులు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నారు. మామూలు చీరతో పోల్చితే దాని మడత ఎంతో చిన్నది. కాని పొడవూ వెడల్పూ చీరవే. చిన్నతనం ఎప్పుడూ ఒకదాని పక్కన పెట్టి చూసేదే.

కలివికోడి కథ

‘వానిషింగ్లీ రేర్’ అనే మాటకు ప్రపంచంలో ఎక్కడ ఉదాహరణ వెతికినా, తెలుగు నేల మీది కలివికోడిని మించినది దొరకడం కష్టం. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. అందుకే ఇంగ్లీషులో ‘జెర్డాన్స్ కోర్సర్’ అంటారు. ముళ్లపొదల అడవుల్లో రాత్రిపూట తిరిగే చిన్న పిట్ట. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. ఎన్నో ఏండ్లు వెతికి, ఇక అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో, రెడ్డిపల్లె దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పని చేస్తున్న భరత్ భూషణ్ దాన్ని తిరిగి గుర్తించినాడు. రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది అక్కడి పిట్టల వేటగాడే. పుస్తకాలకు అది లేనిది, అతనికి ఉన్నది!

ఎనభై ఆరేండ్లు ‘లేదు’ అనుకున్నది నిజానికి ‘లేదనదగినంత’ మాత్రమే. ఈ రెండు మాటల మధ్య భేదం ఊరికే వ్యాకరణం కాదు. తిరిగి దొరికింది గనుకనే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత తెలుగుగంగ కాలువ దాని పొదల్లోంచి పోబోతే 2005 ప్రాంతంలో కాలువ దారిని మార్చవలసి వచ్చింది. ‘అంతరించింది’ అని రాసి ఉంటే ఏ కాలువా పక్కకు జరగదు. లేనిదాని కోసం ఎవరూ దారి ఇవ్వరు. అరుదైనదాని కోసం ఇస్తారు, ఇవ్వాలి.

పై ఉదాహరణల వల్ల తేలేదేమనగా, ఈ మాట ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నిజంగా సున్ననా, సున్న దగ్గరిదా? దేనితో పోల్చి చిన్నది? చిన్నదైనా, వదిలేయదగినదేనా? వీలున్నచోటల్లా మాటతో పాటు సంఖ్య కూడ రాయాలి. ప్రయోగశాల రికార్డులో ‘వానిషింగ్లీ స్మాల్’ అని రాసి ఊరుకుంటే అది అభిప్రాయం, పక్కన అంకె వేస్తే అది పరిశీలన.

అభ్యాసం

చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఐదు వాక్యాలు. వీటిని ఇంగ్లీషు చేసి, తరువాత కింది జవాబులతో పోల్చుకోండి.

1. ఈ ఏడు చెరువులోకి నీళ్లు పెద్దగా రాలేదు.
2. వాడు బొటాబొటిగా పాసయ్యాడు.
3. నిరుటి కన్న ఈసారి వడ్ల ధర కొద్దిగా ఎక్కువ.
4. నా దగ్గర చిల్లిగవ్వ లేదు.
5. నాణెం ఇరవైసార్లు ఎగరేస్తే ఇరవైసార్లూ బొమ్మే పడే అవకాశం ఉండీ లేనట్టే.

జవాబులు :

1. హార్డ్‌లీ ఎనీ వాటర్ కేమ్ ఇంటు ద ట్యాంక్ దిస్ ఇయర్. (‘నాట్’ చేర్చరాదు.)
2. హి బేర్‌లీ పాస్డ్. (పాసైనాడు, మరవకండి.)
3. ద ప్రైస్ ఆఫ్ ప్యాడీ ఈజ్ మార్జినల్లీ హయ్యర్ దాన్ లాస్ట్ ఇయర్.
4. ఐ హావ్ నో మనీ ఎట్ ఆల్. (ఇది సున్న. ఇక్కడ ‘వానిషింగ్లీ’కి చోటు లేదు.)
5. ద ఛాన్స్ ఆఫ్ ట్వెంటీ హెడ్స్ ఇన్ ట్వెంటీ టాసెస్ ఈజ్ వానిషింగ్లీ స్మాల్. (అంకె కూడ రాయండి: 10,48,576లో ఒకటి.)

ఐదవ జవాబులోని అంకె కూడ రమారమి పది లక్షల్లో ఒక వంతే. నాణెం విషయంలో దాన్ని ‘వానిషింగ్లీ స్మాల్’ అన్నాం. జింకు విషయంలో, ఫ్లోరైడు విషయంలో అనలేకపోయాం. ఎందుకో ఎవరైనా మిమ్మల్ని వైవాలో అడిగితే, జవాబు ఇప్పుడు మీకు తెలుసు.